ప్రెషర్ వాషర్ ఆరు నెలలు వాడినాక: మా వాకిలి మరకల్లో ఏవి పోయినాయి, ఏవి పోలేదు

పోయిన కార్తీకమాసం చివర్లో మా అమ్మ తులసికోట దగ్గర కాలు జారి కూర్చుండిపోయింది. స్వామి దయ, నడుముకి ఏం కాలేదు, మోచెయ్యి గీసుకుపోయింది అంతే. కానీ ఆ పొద్దు నుంచి ఇంట్లో అందరం వాకిలి బండల మీద పడినాం. ఆ గోలలోనే ఈ ప్రెషర్ వాషర్, అంటే నీళ్లని గట్టి ధారగా కొట్టి కడిగే మిషన్, కొన్నా. ఆన్‌లైన్‌లో రివ్యూలు చూస్తే అన్నీ కొన్న మరుసటి రోజు రాసినవే, సూపర్ అని అయిదు నక్షత్రాలు, బాక్సు ఫోటో. అందుకే నేను ఆరు నెలలు ఆగి రాస్తా ఉన్నా. కంపెనీ పేరు రాయను, ఈ రేటులో వచ్చే మిషన్లన్నీ దాదాపు ఒకటే రకం. ఏడు వేల చిల్లర అయింది నాకు.

మా ఇల్లు తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు. వాకిలి ఒకే రకం కాదు మాది, అసలు తిప్పలంతా దాంతోనే వచ్చింది. గేటు నుంచి తులసికోట దాకా మా నాయన వేయించిన నల్ల కడప బండలు, ఇరవై ఏండ్ల పైమాటే. కారు పెట్టుకునే పక్క మూడేండ్ల కింద నేను వేయించిన సిమెంటు పేవర్ బ్లాకులు, ఇటుకల మాదిరి పక్కపక్కన పరిచేవి. మెట్లేమో గ్రానైట్. చూసేదానికి మూడూ రాళ్లే కదా అనుకున్నా, మరక దగ్గరికి వచ్చేసరికి మూడూ మూడు కులాలు.

ఇంక మరకలంటారా, ఉండని మరక లేదు మా వాకిట్లో. మనకి వానలు జాస్తి పడేది హైదరాబాదోళ్ల మాదిరి జూలైలో కాదు కదా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపానులతో పాటు కురుస్తాయి, 2021 నవంబర్‌లో ఊరంతా మునిగింది గుర్తుండే ఉంటుంది. ఆ నెలల్లో కాంపౌండ్ గోడ నీడ పడే చోటంతా పచ్చగా పాచి పట్టేస్తుంది, అమ్మ జారింది దాని మీదే. తులసికోట చుట్టూ కార్తీక దీపాల నూనె ఒలికి నల్లగా గుండ్రాలు. పూల కుండీల ఇనప స్టాండు కింద నాలుగు కాళ్లకీ నాలుగు తుప్పు మరకలు. బోరు కొళాయి కారే చోట తెల్లగా ఉప్పు గట్టింది, గోరుతో గీకినా రాదు. పక్కింటోళ్ల బాదం చెట్టు ఆకులు మా వైపే రాలతాయి, తడిసి అతుక్కున్న చోట టీ డికాషన్ మాదిరి గోధుమ రంగు. ఆపైన నా పాత బండి ఇంజిన్ ఆయిల్. బండి అమ్మేసి రెండేండ్లయింది, మరక మాత్రం మాతోనే ఉంది.

మిషన్ కొనే ముందు చేసిన తెలివి తక్కువ పని ఒకటి చెప్పాల. సంక్రాంతికి ఇల్లు బాగుండాల అని, ఇండ్లకి వచ్చి క్లీనింగ్ చేసేవాళ్లని పిలిపించినా. పేరెందుకులే. ఇద్దరు పిల్లోళ్లు వచ్చినారు, అడుగుకి ఇంత అని మాట్లాడుకున్నాం, చేతిలో లేబుల్ లేని తెల్ల క్యాన్. ఏంది బా అది అంటే కెమికల్ అన్నా, ఫారిన్ కెమికల్ అన్నారు. మూత తియ్యంగానే ముక్కు పగిలిపోయే వాసన, బాత్రూం యాసిడ్ వాసన తెలీనోళ్లం కాదు కదా మనం. పోసినారు. కడప బండ మీద పడంగానే సుయ్యిమని పొంగొచ్చింది, గోలీ సోడా కొట్టినట్లు. ఆ పిల్లోడు నవ్వుతా "చూడన్నా మురికి ఎట్ల పొంగతా ఉందో" అన్నాడు. నేనూ అవునులే అని తల ఊపినా, అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే మండుతుంది.

పొంగింది మురికి కాదు, బండ. ఆరినాక చూస్తే గేటు దగ్గర ఆరేడు బండలు బూడిద పూసినట్లు తెల్లగా, చెయ్యి పెడితే గరుకు. నునుపంతా పోయింది. ఫోన్ చేస్తే "అది నేచురల్ సార్, పదిరోజుల్లో సెట్ అవుతుంది" అన్నారు, పదిరోజుల తర్వాత చేస్తే ఎత్తలేదు. డబ్బులు ముందే ఇచ్చేసినా నేను, అది ఇంకో తెలివి తక్కువ పని.

తర్వాత రేణిగుంట రోడ్డులో బండలమ్మే పెద్దాయన దగ్గరికి ఫోటో ఎత్తుకొని పోయినా. ఆయన ఫోన్ చేతిలోకి కూడా తీసుకోలేదు, దూరం నుంచే చూసి "యాసిడ్ పోసినారా సామీ" అన్నాడు. కడప బండ అంటే సున్నపురాయి సామీ, తాండూరు బండ అంతే, బేతంచెర్ల బండ అంతే, షాబాదు అంతే, యాసిడ్ పడితే రాయే కరిగి గ్యాస్ అయిపోతుంది, ఆ పొంగు అదే. గ్రానైట్ అయితే తట్టుకుంటుంది గానీ సిమెంటు ఇటుకలకి కూడా యాసిడ్ పనికిరాదు, పైన సిమెంటు కొట్టుకుపోయి లోపల కంకర బయటపడుతుంది అన్నాడు. మళ్లీ నునుపు రావాలంటే మిషన్ పెట్టి అరగదీసి పాలిష్ కొట్టాల్సిందే, ఇంకో దారి లేదు. ఆయన చెప్పిన పరీక్ష ఒకటి మీరూ రాసి పెట్టుకోండి: మీ బండ ఏదో తెలీకపోతే కనపడని మూలన ఒక చుక్క నిమ్మరసం వెయ్యండి. చిన్న చిన్న బుడగలొస్తే అది సున్నపురాయి, దాని మీద యాసిడ్ కాదు కదా వెనిగర్ కూడా పొయ్యొద్దు. చుక్క వేసి వెంటనే కడిగెయ్యాల, ఆ చుక్కకే మచ్చ పడుతుంది.

సరే, మిషన్ సంగతికొస్తా.

బాక్సు మీద 1700 వాట్లు, 120 బార్ అని పెద్దక్షరాలు, బార్ అంటే ప్రెషర్ కొలత. ఆ 120 అనేది గరిష్టం, పని చేసేటప్పుడు వచ్చే ప్రెషర్ దానికంటే తక్కువ, అది కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. అయినా తక్కువేం కాదు, కారు టైర్లో ఉండేది రెండు బార్ చిల్లర అంతే అనుకుంటే మీకే తెలుస్తుంది. మొదటి రోజు మా వాడు చెప్పులు కడుక్కుంటా నాన్నా అని కాలికి పెట్టుకోబోయినాడు, లాగి ఒకటి ఇచ్చినా. చర్మం చీల్చేస్తుంది ఆ ధార, పిల్లోళ్ల చేతికి ఇవ్వొద్దు. మీరైనా బూట్లు వేసుకొని చెయ్యండి.

బాక్సు విప్పంగానే రెండు అడ్డంకులు. ఒకటి కరెంటు. 1700 వాట్లంటే ఏడు ఆంప్స్ పైన తాగుతుంది, వరండాలో ఉండే చిన్న అయిదు ఆంప్స్ ప్లగ్గు దీనికి పనికిరాదు, ఏసీకి గీజర్‌కి పెట్టే పెద్ద ప్లగ్గు కావాల. మిక్సీకి వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడితే వైరు వేడెక్కి కూర్చుంటుంది. నేను ఎలక్ట్రీషియన్ని పిలిచి బయట పెద్ద ప్లగ్గు పెట్టించినా, ఆ ఖర్చు ఏ రివ్యూలోనూ ఎవరూ చెప్పలేదు. రెండోది నీళ్లు. మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే కొళాయి ప్రెషర్ ఎంతనుకుంటారు, పది మీటర్ల ఎత్తుంటే ఒక బార్, మా ట్యాంకు ఆరు మీటర్లు కూడా ఉండదు. అది చాలక మిషన్ దగ్గు దగ్గినట్లు ఆగి ఆగి కొట్టింది. చివరికి డ్రమ్ములో పైపు వేసి పీల్చుకునేట్లు పెట్టినా, అప్పుడు బాగా వచ్చింది. కొనేటప్పుడు డ్రమ్ము నుంచి నీళ్లు లాగుతుందా లేదా అని అడిగి కొనండి, అన్నీ లాగవు. ఇంకోటి, బోరు నీళ్లల్లో సన్న ఇసుక వస్తుంది కదా, నీళ్లు పోయే చోట చిన్న జల్లెడ ఉంటుంది, దాన్ని ప్రతి తూరీ కడగాల, నేను రెండు నెలలు అదొకటి ఉందనే చూసుకోలేదు.

నీళ్లు జాస్తి తాగుతుందని భయపడినా, అదేం లేదు. నిమిషానికి ఆరు లీటర్లు దీంతో. పైపు పట్టుకొని కడిగితే అంతకి రెండింతలు పైనే పోతాయి, పైగా పని కాదు. ఎండాకాలం ట్యాంకర్ తోలించుకునే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

పాచి విషయంలో మాత్రం కండ్లు మూసుకొని నూటికి నూరు ఇస్తా. గోడ పక్కన రెండేండ్ల పాచి, పరకతో, ఇనప బ్రష్‌తో రుద్ది రుద్ది వదిలేసింది, పెయింట్ ఊడినట్లు పట్టీలు పట్టీలుగా పోయింది. పేవర్ బ్లాకుల అసలు రంగు మూడేండ్ల తర్వాత కనపడింది. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు దాంట్లో ఒక మత్తు ఎక్కింది, మరక లేని చోట కూడా కొట్టుకుంటా పోయినా, చీకటి పడినాక అమ్మ వచ్చి కరెంటు తీసేసింది.

కానీ పాచి మళ్లీ వచ్చింది, నెల కూడా కాలేదు. జనవరిలో పొద్దున పూట మంచు, ఆ నీడలో తడి ఆరదు. పైగా ధార పైన ఉండేదాన్ని కొడుతుంది గానీ సందుల్లో, రాయి చిల్లుల్లో దాక్కునేదాన్ని చంపదు. అప్పుడు బ్లీచింగ్ పౌడర్ వాడినా. మునిసిపాలిటీ వాళ్లు కాలవల్లో చల్లేదే, బకెట్ నీళ్లల్లో ఒక గుప్పెడు కలిపి, తేరినాక పైనీళ్లు పాచి మీద పోసి పావుగంట వదిలేసి బాగా కడిగేయడం. దాని తర్వాత మూడు నాలుగు నెలలు పచ్చదనం కనపడలేదు. చెట్ల మొదట్లోకి ఆ నీళ్లు పోనివ్వకండి, మా మల్లె అంటు ఒకటి అట్లనే పోయింది. ఇంకొక మాట, ఇది మాత్రం తమాషాకి చెప్పడం లేదు: బ్లీచింగ్ వేసిన చోట బాత్రూం యాసిడ్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ పొయ్యొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, బయటే కదా అనుకోవద్దు, ఊపిరితిత్తులకి పట్టేస్తుంది.

మిషన్ చేసిన చెడు కూడా చెప్తా. డబ్బాలో రెండు నాజిల్స్ వచ్చినాయి. ఒకటి విసనకర్ర మాదిరి వెడల్పుగా కొట్టేది, ఇంకోటి గిర్రున తిరుగుతా ఒకే చోట కొట్టేది. ఆ తిరిగేదాంతో పేవర్ల మీద దగ్గర పెట్టి కొట్టినా, ఎక్కడ నిదానంగా తిప్పినానో అక్కడ సర్కిల్స్ పడిపోయినాయి, తడిస్తే ఇప్పటికీ కనపడతాయి, మా బావమరిది ఏంది బావా డిజైనా అని అడిగినాడు. వెడల్పుదే వాడండి, ఒక అడుగు దూరం పెట్టి, చెయ్యి ఒక చోట ఆపకుండా. ఇంకా, ఇటుకల సందుల్లో ఇసుకంతా ఎగిరిపోయింది. ఆ ఇసుకే ఇటుకల్ని కదలకుండా పట్టుకునేది, అది పోతే కారు చక్రం ఎక్కినప్పుడు టకటకమని కదలతాయి. ఆరినాక సన్న ఇసుక చల్లి పరకతో సందుల్లోకి నెట్టాల్సి వచ్చింది, అరపూట పని. ఎక్కువ మంది ఈ సంగతి తెలీక నాలుగు తూర్లు కడిగి, ఇటుకలు కుంగిపోయినాయని మేస్త్రిని తిట్టుకుంటారు.

ఇప్పుడు నూనె. ఇక్కడ మిషన్ సున్నా. చన్నీళ్లు ఎంత గట్టిగా కొట్టినా నూనె పోదు, పైది కొంచెం చెదిరి పక్క బండకి పాకుతుంది అంతే. దీపం నూనె పాతబడితే గాలికి జిగురై గట్టిపడుతుంది, పైగా ఒత్తి మసి కలిసి నల్లగా. నేను యూట్యూబ్ చూసి ఏవేవో తెప్పిస్తా ఉంటే మా అమ్మ "తలకి ఆముదం పెట్టుకుంటే సీకాయతో పోదా, బండకి మాత్రం ఏమొచ్చింది రా" అని, సీకాయ పొడి, కుంకుడు రసం వేడినీళ్లల్లో కలిపి తులసికోట చుట్టూ పోసి కొబ్బరి పీచుతో రుద్దింది. సగం పోయింది! నవ్వొద్దు, నిజంగా సగం పోయింది. మిగతా సగం లోపలికి ఇంకింది, దానికి పట్టు వేసినాం. ముల్తానీ మట్టిలో గిన్నెలు కడిగే లిక్విడ్, కొంచెం వేడినీళ్లు కలిపి దోసె పిండి కన్నా గట్టిగా చేసి, మరక మీద అర అంగుళం మందాన పూసి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి ఒక రోజు వదిలినా. తర్వాత కవర్ తీసేసి ఆరబెడితే మట్టి ఆరతా ఆరతా లోపల నూనెని పైకి పీల్చుకుంటుంది, పెచ్చులుగా గీకెయ్యడమే. దీపాల గుండ్రాలు మూడు తూర్లకి పోయినాయి. ఇంజిన్ ఆయిల్ అయిదు తూర్లు వేసినా నీడ మాదిరి ఉంది, దాని మీద కారు పెట్టేస్తే కనపడదులే అని ఊరుకున్నా. మట్టి ఖర్చు మొత్తం రెండొందలు కూడా కాలేదు, ఏడు వేల మిషన్ చెయ్యలేని పని.

ఈసారి కార్తీకానికి అమ్మ కొత్త రూలు పెట్టింది, ప్రమిద కింద ఇంకో ప్రమిద గానీ తమలపాకు గానీ ఉండాల. ఒలికితే వెంటనే ముగ్గుపిండి చల్లెయ్యాల, పొడి పీల్చేసుకుంటుంది, ఊడ్చెయ్యడమే.

తుప్పు దగ్గర కూడా మిషన్ చేతులెత్తేసింది. బ్లీచింగ్ అయితే తుప్పుకి అస్సలు వెయ్యొద్దు, మరక తగ్గకపోగా ఇంకా ముదిరే ప్రమాదం ఉంది. దీనికి కావాల్సింది ఆగ్జాలిక్ యాసిడ్ అని పొడి, పాలిష్ పనోళ్లు వాడతారు, కెమికల్స్ అమ్మే అంగట్లో దొరుకుతుంది. అది ఇనుముని పట్టుకొని నీళ్లల్లో కరిగేట్లు చేస్తుంది. విషం అది, గ్లవ్స్ వేసుకోవాల, పిల్లోళ్లకి దూరంగా పెట్టాల. పేవర్ల మీద మరక వరకే పెట్టి పది నిమిషాల్లో కడిగేసినా, నాలుగులో మూడు పోయినాయి, నాలుగోది లేత పసుపు. కడప బండ మీద మాత్రం ఇది కూడా పెట్టలేదు, ఇంకొక తూరి ఆ పొంగు చూసే ధైర్యం నాకు లేదు. స్టాండు కాళ్లకి రబ్బరు బుష్‌లు కొన్నా, పది రూపాయలొకటి. అవి మొదట్లోనే పెట్టుంటే ఈ పేరా రాసే పనే లేదు.

బోరు ఉప్పు సంగతి చిన్నగా చెప్పేస్తా. గ్రానైట్ మెట్ల మీద నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిస్తే పోయింది. కడప బండ మీద పోలేదు, పోదు కూడా, ఎందుకంటే ఆ ఉప్పూ సున్నమే, ఆ బండా సున్నమే, ఒకదాన్ని కరిగించేది రెండోదాన్నీ కరిగిస్తుంది. నానబెట్టి ప్లాస్టిక్ గరిటెతో గీకి పైపొర తీసినా, మిగిలింది ఉండనీ అన్నా. ముందు కొళాయి వాషర్ మార్పించినా, కారే నీళ్లు కారతానే ఉంటే ఎన్ని తూర్లు గీకి ఏం లాభం. పేవర్ల మీద కూడా మొదటి ఏడాది తెల్ల పొర వచ్చుండె, అది బోరుది కాదు, సిమెంటులో సున్నం తడితో పైకొచ్చి గాలికి తెల్లబడేది, పొడి బ్రష్‌తో ఊడుస్తా ఉంటే కాలం మీద అదే తగ్గింది. దానికి ఎవురైనా స్పెషల్ కెమికల్ అమ్మజూపితే వద్దనండి.

బాదం ఆకుల డికాషన్ రంగు బ్లీచింగ్‌తో చానా వరకు పోయింది, మిగతాది మే నెల ఎండ చూసుకుంది. తిరుపతి ఎండకి పోని రంగేముంది. ఆ, ఒకటుంది. ఎర్రమన్ను. పండక్కి అమ్మ తులసికోట అంచుకి పూసింది పేవర్ల మీదకి జారి ఎర్రగా ఇంకిపోయింది. ఎర్రమన్ను ఎరుపు కూడా తుప్పు ఎరుపు లాంటిదే, ఇనుముదే, కానీ ఇది మాత్రం నేను ముట్టుకోలేదు. మరక అంటే అమ్మ ఊరుకోదు.

మార్కులు అడిగితే, పాచికి మట్టికి అయిదుకి అయిదు, మిగతా మరకలకి ఒకటి, కాబట్టి మిషన్‌కి మూడు వేస్తా. మీ ఇంట్లో పాచి ఒక్కటే బాధ అయితే కొనండి, కారు కడిగేదానికి కూడా పనికొస్తుంది. నూనె, తుప్పు, ఉప్పు కోసం అయితే కొనొద్దు. ఏడాదికి ఒక తూరి వాడేవాళ్లయితే పక్కింటోళ్లతో సగం సగం వేసుకోండి, మోత ఎట్లాగూ ఇద్దరూ భరించాల్సిందే, ఆదివారం పొద్దున ఆరుకి మొదలుపెట్టి నేను ఎదురింటి సార్‌తో మాట పడినా.

పాలిష్ ఆయన గేటు దగ్గర బండలకి చెప్పిన రేటు మిషన్ రేటు కన్నా జాస్తి, అందుకని ఇంకా చేయించలేదు. అమ్మ రోజూ సరిగ్గా ఆ తెల్లబడిన బండల మీదే ముగ్గు వేస్తా ఉంది, ముందు నాలుగు చుక్కల ముగ్గు వేసేది, ఇప్పుడు పదకొండు చుక్కలు, చూసినోళ్లు ఎంత ఓపిక అమ్మా అంటా ఉండారు. మిషన్‌కి పోయిన వారం నుంచి గన్ దగ్గర నీళ్లు కారతా ఉన్నాయి, బిల్లు యాడ పెట్టినానో ఎతకాల.